చిప్పు, చిప్ప, మధ్యలో యుద్ధం

మా షాపులో చిప్పు అనే మాట వాడం, ఐసీ అంటాం. చిప్పు అంటే కౌంటర్ అవతల నిలబడినోళ్ళకి చిప్ప అని వినపడుతుంది, కడపలో చిప్ప అంటే ఏందో వేరే చెప్పక్కర్లేదు, అప్పులపాలై ఊరొదిలినోడి చేతికొచ్చేది చిప్ప, జైలుకు పోయినోడు తినేది చిప్పకూడు. మొన్న రాత్రి మా చిన్నాయన టీవీ ముందు కూర్చోని "ఏందిరా, చిప్పల కోసం చైనావోడు తైవాన్ మీద యుద్ధానికి పోతాడంటనే?" అని అడిగేసరికి మా పిల్లోడు పొట్ట పట్టుకోని నవ్వినాడు. నేనూ నవ్వినా గానీ, పడుకున్నాక ఆలోచిస్తే ముసలాయన మాట తప్పు పలికినా విషయం కరెక్టుగానే పట్టుకున్నాడేమో అనిపించింది. చిప్పుకీ చిప్పకీ యుద్ధానికీ ఒక లంకె ఉంది. టీవీలో చెప్పే లంకె కాదు, వేరే ఉంది, నాకు అర్థమైనంత వరకు రాస్తా.

నేను సీసీ కెమెరాలు, ఇన్వర్టర్లు బిగిస్తా, చెడిపోయినవి రిపేరు చేస్తా, కోటిరెడ్డి సర్కిల్‌కి దగ్గర్లో చిన్న షాపు, పదిహేనేళ్ళుగా ఇదే పని. పిడుగు పడి పోయిన కెమెరా ఎవరో తెచ్చిస్తారు, విప్పి బోర్డు లైటు కింద పెట్టి మల్టీమీటర్‌తో చూసుకుంటా పోతే ఎక్కడో ఒకచోట షార్ట్ దొరుకుతుంది, ఎక్కువ సార్లు పవర్ సెక్షన్‌లో డయోడో రెగ్యులేటరో పోయుంటుంది, సామాను ఖర్చు పది రూపాయలు కూడా ఉండదు. మెయిన్ ఐసీ పోతే మాత్రం ఆ కెమెరా ఇంక పాత సామాన్ల డబ్బాలోకే. ఆ మెయిన్ ఐసీ గోరంత ఉంటుంది, నల్లగా, పైన లేజర్‌తో చెక్కిన సన్న అక్షరాలు, టార్చి ఏటవాలుగా కొడితే తప్ప కనపడవు. 2020 దాకా నేను విప్పిన ఐపీ కెమెరాల్లో సగానికి పైగా ఆ అక్షరాలు ఒకటే, హైసిలికాన్ 3516 అనో 3518 అనో. హైసిలికాన్ అంటే హువావే వాళ్ళ చిప్ డిజైన్ కంపెనీ. 2019 మేలో అమెరికా హువావేని బ్లాక్‌లిస్టులో పెట్టింది, మరుసటి ఏడు ఇంకా గట్టిగా బిగించింది, అమెరికా టెక్నాలజీ వాడే ఏ ఫ్యాక్టరీ అయినా సరే, అది తైవాన్‌లో ఉన్నా సరే, పర్మిషన్ లేకుండా హువావేకి చిప్పులు చేసివ్వకూడదని. అది 2020 సెప్టెంబర్ నుంచి అమల్లోకొచ్చింది. ఒకటి రెండేళ్ళలో నా టేబుల్ మీదికొచ్చే కొత్త బోర్డుల మీద ఆ పేరు కనపడకుండా పోయింది, వేరే పేర్లు వచ్చినాయి. వాషింగ్టన్‌లో ఎవరో పెట్టిన సంతకం కడపలో నా టార్చి కింద తెలిసిపోయిందన్నమాట, నాకు ఈ విషయం మీద పిచ్చి పట్టింది అప్పుడే.

ఆ పిచ్చి ఊరికే పట్టలేదు లెండి, డబ్బులు పోయినాయి. 2021లో ఒక కల్యాణ మండపానికి 48 కెమెరాల ఆర్డర్ ఒప్పుకున్నా, రేటు ఫిక్స్ చేసి అడ్వాన్స్ తీసుకున్నా. చెన్నైలో రిచీ స్ట్రీట్‌లో నాకు సరుకు ఇచ్చే హోల్‌సేల్ ఆయన వచ్చే వారం, వచ్చే వారం అంటా రెండు నెలలు తిప్పి, ఆఖరికి రేటు పెంచి ఇచ్చినాడు. అవతల మండపం ఓనరు పెళ్ళిళ్ళ సీజన్ మొదలైపోతోందని రోజూ ఫోన్. నా చేతి నుంచి ముప్పై వేల పైన పడింది. అడిగితే ఆయన "ఐసీ లేదు అన్నా, ఫ్యాక్టరీకే లేదు, నాకు యాడ్నించి తెమ్మంటావ్" అన్నాడు, అప్పుడు నమ్మలేదు, బ్లాకులో పెట్టినాడనే అనుకున్నా.

తర్వాత చదివితే తెలిసింది ఆయన చెప్పింది నిజమే అని. కరోనా మొదట్లో కార్ల కంపెనీలు అమ్మకాలు పడిపోతాయని చిప్ ఆర్డర్లు క్యాన్సిల్ చేసుకున్నాయి, ఆ లైన్లు ల్యాప్‌టాప్‌లకీ ఫోన్లకీ పోయినాయి, కార్లు మళ్ళీ అమ్ముడుపోవడం మొదలయ్యేసరికి లైన్లో చోటు లేదు. దానికి తోడు 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫానుకు కరెంటు పోయి అక్కడి ఫ్యాక్టరీలు ఆగినాయి, మార్చిలో జపాన్‌లో నాకా అనే ఊర్లో రెనెసాస్ అనే కంపెనీ చిప్ ఫ్యాక్టరీ కాలింది. ఇవన్నీ ఒక ఎత్తు, తైవాన్‌లో కరువు ఒక ఎత్తు. అవును, కరువే. 2020లో ఒక్క తుఫాను కూడా ఆ దీవిని తాకలేదు, 2021 వచ్చేసరికి 56 ఏళ్ళలో ఎప్పుడూ లేనంత కరువు, రిజర్వాయర్లు అడుగంటినాయి. చిప్పు కడగడానికి మామూలు నీళ్ళు పనికిరావు, పరమ శుద్ధమైన నీళ్ళు కావాలి, అక్కడి పెద్ద చిప్ ఫ్యాక్టరీల కంపెనీ టీఎస్ఎంసీ ఒక్కటే రోజుకి లక్షన్నర టన్నుల పైన వాడుతుంది. ప్రభుత్వం ఏం చేసిందంటే 74 వేల హెక్టార్లకు సాగునీళ్ళు బంద్ చేసి రైతులకు పరిహారం ఇచ్చింది, ఫ్యాక్టరీలేమో ట్యాంకర్లతో నీళ్ళు తెప్పించుకున్నాయి. ప్రపంచంలోనే అతి ఖరీదైన ఫ్యాక్టరీల ముందు నీళ్ళ ట్యాంకర్లు క్యూ కట్టినాయంటే ఇంకెవరికన్నా వింతేమో, రాయలసీమోడికి కాదు, ఎండాకాలంలో మా వీధి కూడా అట్లే ఉంటుంది. పొలానికా ఫ్యాక్టరీకా అనే పంచాయితీ కూడా మనకు కొత్త కాదు.

సరే యుద్ధం సంగతికొస్తా. టీవీలో, వాట్సాప్‌లో తిరిగే మాట ఏందంటే, చైనా ఆర్థికంగా దెబ్బతినింది, దెబ్బతిన్న దేశం జనం దృష్టి మళ్ళించడానికి యుద్ధానికి పోతుంది, తైవాన్‌లో చిప్పులున్నాయి, కాబట్టి పోయి లాక్కుంటుంది. వినడానికి బాగుంది, మూడు ముక్కల్లో తేలిపోయింది. కానీ డబ్బుల్లేనోడు కొట్లాటకు పోతాడు అనే మొదటి ముక్కే నాకు మింగుడు పడదు. డబ్బుల్లేనోడు మామూలుగా ఏం చేస్తాడు, తలొంచుకోని అప్పిచ్చేవాడి గడప తొక్కుతాడు. మనమే చేసినాం కదా, 1991లో రిజర్వు బ్యాంకు 47 టన్నుల దాకా బంగారం విదేశాలకు పంపి తాకట్టు పెట్టింది, అప్పుడు ప్రధానమంత్రి పీవీ, అదే ఏడాది నవంబర్‌లో మా పక్కనే నంద్యాల నుంచి ఐదు లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిచిన మనిషి. మన చేతిలో చిప్ప ఉన్న ఆ రోజుల్లో మనం ఎవరి మీదికీ పోలేదు, రూపాయి విలువ తగ్గించుకున్నాం, లైసెన్సులు ఎత్తేసినాం. సోవియట్ యూనియన్ ఇంకా పెద్ద ఉదాహరణ, ఖజానా ఖాళీ అయ్యేకొద్దీ యుద్ధం ముగించుకుంది, 1989 ఫిబ్రవరికి అఫ్గానిస్తాన్ నుంచి సైన్యం మొత్తం వెనక్కొచ్చింది, మూడేళ్ళు తిరక్కుండానే దేశమే పోయింది, అణుబాంబులు వేల లెక్కన పెట్టుకోని కూడా. శ్రీలంక 2022లో చేతులెత్తేసింది, ఎవరితో యుద్ధం చేసింది? ఎవరితోనూ లేదు, జనం ప్రెసిడెంటు ఇంట్లో దూరి స్విమ్మింగ్ పూల్‌లో ఈత కొట్టినారు అంతే.

మరి పేదరికం కాకపోతే ఏంది అంటే మా చిన్నాయన కథ చెప్పాలి. 

చిన్నాయన 1986లో కువైట్ పోయినాడు, ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. రాయచోటి, రాజంపేట వైపు ఏ ఇంట్లో చూసినా కువైట్ వాసన ఉంటుంది, సెంటు సీసా, దుప్పటి, టేప్‌రికార్డర్. 1990 ఆగస్టు 2 పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం బయటికొస్తే వీధి చివర ట్యాంకు నిలబడుందంట, ఏదో మిలిటరీ పరేడేమో అనుకున్నా అంటాడు. కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, కుటుంబం అప్పటికే కార్లెక్కి సౌదీ వైపు వెళ్ళిపోయింది, ఈయన్ని ఇల్లు చూసుకోమని చెప్పి. ఆయన చెప్పే కథలో నాకు ఎప్పుడూ గుర్తుండేది ఒకటే, ఇరాక్ సైనికులు గేటు కొట్టి రొట్టెలు అడిగినారంట, సిగరెట్లు అడిగినారంట. "అంత పెద్ద తుపాకీ భుజానికేసుకోని, కాళ్ళకేమో చిరిగిపోయిన బూట్లు రా, నాకే జాలేసింది" అంటాడు. తర్వాత బస్సులో బాగ్దాద్, అక్కడ్నించి జోర్డాన్ బార్డర్, ఎడారిలో టెంట్లు, నీళ్ళ కోసం కొట్లాటలు, ఆఖరికి అమ్మాన్‌లో ఎయిర్ ఇండియా విమానం ఎక్కి బొంబాయిలో దిగినాడు. నడుముకు కట్టుకున్న దినార్లు ఎవరూ మార్చుకోలేదు, కొన్ని ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఆ రెండు నెలల్లో మనోళ్ళు 1,70,000 మంది దాకా అట్లే వచ్చినారు. వాళ్ళు పంపే డబ్బులు ఆగిపోయి, ఇంకోపక్క చమురు రేటు పెరిగి, మరుసటి ఏడు మనం బంగారం తాకట్టు పెట్టడానికి అది కూడా ఒక కారణం, అంటే చిన్నాయన ట్రంకుపెట్టెలో దినార్లకీ నంద్యాల ఎలక్షన్‌కీ కూడా చుట్టరికం ఉందన్నమాట.

ఇప్పుడు ఇరాక్ వైపు నుంచి చూడండి. ఇరాన్‌తో ఎనిమిదేళ్ళు యుద్ధం చేసి 1988లో బయటపడింది, ఒక్క కువైట్‌కే సుమారు 1,400 కోట్ల డాలర్ల బాకీ, మాఫీ చెయ్యమంటే వాళ్ళు చెయ్యలేదు. పైగా కువైట్ కోటా దాటి చమురు తోడడంతో రేటు పడిపోతోంది, బ్యారెల్‌కి ఒక్క డాలరు తగ్గితే ఏడాదికి నాకు 100 కోట్ల డాలర్ల నష్టం అని సద్దాం బహిరంగంగానే గోల పెట్టినాడు. అదే సమయంలో చేతిలో పది లక్షల సైన్యం, ఇంటికి పంపిద్దామంటే ఉద్యోగాల్లేవు, ఉంచుకుందామంటే జీతాలకు డబ్బుల్లేవు. ఇది ఉత్త పేదరికం కాదు. కత్తి ఇంకా పదునుగానే ఉంది, జేబు ఖాళీ అవుతోంది, ఇంకో రెండేళ్ళు పోతే ఆ కత్తి కూడా తుప్పు పడుతుందని వాడికి తెలుసు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి అంటారు కదా, ఆ సామెత ఇంటి ఇల్లాలు అనుకుంటే మంచిదే, సైన్యం ఉన్నోడు అనుకుంటేనే భయం. ఆరిపోయిన దీపంతో గొడవ లేదు, ఆరిపోతుందేమో అని అనుమానం ఉన్న దీపంతోనే గొడవ.

మా మేనమామకు వేంపల్లె పక్కన చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది, నా కళ్ళతో చూసిన సంగతి ఇది. ఆయన బోరు నాలుగొందల అడుగులు, పక్క తోటాయనది కూడా అంతే, ఇద్దరూ అన్నా అంటే అన్నా అనుకునేవాళ్ళు. ఒక ఏడు పక్కాయన రిగ్గు తెప్పించి ఏడొందల అడుగులకు దింపినాడు. మా మామ బోరు ఒక్కసారిగా ఎండిపోలేదు, రెండించుల నీళ్ళు ఒకటిన్నర అయ్యింది, తర్వాత ఇంచీ అయ్యింది, మోటరు గాలి పీల్చడం మొదలుపెట్టింది. ఆయన ప్రతి పొద్దున పోయి డెలివరీ పైపు దగ్గర చెయ్యి పెట్టి చూసుకోని వచ్చేవాడు. ఆ మూడు నెలల్లోనే గొడవలు, స్టార్టర్ పెట్టె పగలగొట్టడం, పోలీస్ స్టేషన్, అన్నీ. ఆ తర్వాత రెండేళ్ళకు ఇద్దరి బోర్లూ పూర్తిగా పోయినాయి, చీనీ చెట్లు ఎండిపోయి కట్టెలకు కొట్టేసినారు, అప్పుడు గొడవే లేదు, ఇద్దరూ కలిసి ఒకే ట్యాంకర్ తోలించుకున్నారు తాగే నీళ్ళకి. నీళ్ళు ఉన్నప్పుడు లేదు, లేనప్పుడు లేదు, తగ్గుతున్నప్పుడే కొట్లాట. కడప అనగానే సినిమావోళ్ళకి సుమోలు, నాటు బాంబులే గుర్తొస్తాయి గానీ అసలు మా గొడవల్లో చాలా వాటి కింద ఇట్లాంటి ఎండుతున్న బోరు ఒకటి ఉంటుంది.

దేశాల్లో దీనికి అందరూ చెప్పే ఉదాహరణ జపాన్. 1941లో జపాన్ వాడే చమురులో 80 శాతం దాకా అమెరికా నుంచే వచ్చేది. చైనాలో చేస్తున్న యుద్ధం చాలక ఇండోచైనా దక్షిణ భాగంలోకి కూడా సైన్యాన్ని దింపితే, జూలై చివర్లో జపాన్ ఆస్తుల్ని అమెరికా స్తంభింపజేసింది, ఆగస్టు నుంచి చమురు బంద్. నిల్వ ఉన్నది రెండేళ్ళకు మించి రాదు. అంటే ప్రతి రోజూ ట్యాంకులో మట్టం తగ్గుతోంది, నౌకాదళం అధికారులు మా మామ పైపు దగ్గర చెయ్యి పెట్టి చూసినట్టు చూసుకుంటా ఉన్నారు. నాలుగు నెలలకు, డిసెంబర్ 7న, పెర్ల్ హార్బర్. ఇంకో నాలుగు నెలలకు, 1942 ఏప్రిల్ 6న, అదే జపాన్ విమానాలు మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులేసినాయి. ఎక్కడి చమురు, ఎక్కడి కాకినాడ! ఆపేసినోడు అనుకున్నది దారికొస్తాడని, అవతలోడు అనుకున్నది ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని.

దృష్టి మళ్ళించే యుద్ధాలు అసలే లేవని నేను అనట్లేదు. 1982లో అర్జెంటీనా మిలిటరీ పాలకులు వంద శాతం ద్రవ్యోల్బణంతో, రోడ్ల మీద జనంతో సతమతమవుతా ఏప్రిల్ 2న ఫాక్‌లాండ్స్ దీవుల్లో దిగినారు, రెండున్నర నెలల్లో ఓడిపోయి కుర్చీలే పోగొట్టుకున్నారు. ఉంటాయి అట్లాంటివి, కానీ అవి తక్కువ, పైగా ఇంగ్లాండ్ అంత దూరం నుంచి రాదులే అనే తప్పు లెక్క వాటి వెనక ఉంది.

ఇప్పుడు చిప్పు అనే చమురు. ఇక్కడ నేను జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే చిప్పే కొత్త చమురు అని అందరూ అనేస్తారు, అది సగమే నిజం. చమురు బావిని లాక్కుంటే చమురు వస్తుంది. చిప్ ఫ్యాక్టరీని లాక్కుంటే ఏమొస్తుంది? టీఎస్ఎంసీని 1987లో మోరిస్ చాంగ్ మొదలుపెట్టినప్పుడు పెట్టుకున్న నియమం, సొంత చిప్పులు డిజైన్ చెయ్యం, ఎవరి డిజైన్ ఇస్తే అది చేసిస్తాం అని, అంటే టైలర్ షాపు లెక్క. ఇప్పుడు లోకంలో అతి అధునాతనమైన చిప్పుల్లో 90 శాతం దాకా ఆ దీవిలోనే కుడతారు. కానీ ఆ టైలర్‌కి మిషన్ నెదర్లాండ్స్ నుంచి రావాలి, ఏఎస్ఎంఎల్ అనే ఒక్క కంపెనీ తప్ప వెలుగుతో చిప్పు మీద గీతలు గీసే ఆ ఈయూవీ మిషన్ ఇంకెవరూ చెయ్యలేరు. దాని లోపల జరిగేది చదివితే నాకు మతి పోయింది, కరిగిన తగరం చుక్కలు సెకనుకు 50,000 రాలుతుంటే ప్రతి చుక్కనూ లేజర్‌తో గురి తప్పకుండా కొట్టాలి, ఆ మెరుపు నుంచి వచ్చే వెలుగును జర్మనీలో జైస్ వాళ్ళు చేసిన అద్దాలతో మళ్ళించి సిలికాన్ మీద గీతలు గీయాలి. ఒక్క మిషన్ 15 కోట్ల డాలర్ల పైనే. సిలికాన్ మీద పూసే ఫోటోరెసిస్ట్ కెమికల్ ఎక్కువగా జపాన్‌ది, సాఫ్ట్‌వేర్ అమెరికాది. ఇంత మంది చేతులు పడితే గానీ నడవని ఫ్యాక్టరీని తుపాకీ పెట్టి పట్టుకుంటే, సర్వీస్ ఇంజనీర్ రావడం మానేసిన రోజు నుంచి అది ఇనప సామాను. నా దగ్గర హాట్ ఎయిర్ మిషన్‌కి నాజిల్ దొరక్కపోతేనే వారం పని ఆగిపోతుంది. కాబట్టి చిప్పుల కోసం తైవాన్‌ని లాక్కుంటారు అనే మాట నేను నమ్మను. ఆ దీవి మాది అని చైనా అనడం 1949 నుంచి ఉంది, 1958లో తైవాన్ చేతిలోని కిన్‌మెన్ దీవి మీద ఫిరంగులు పేల్చినప్పుడు తైవాన్‌లో చిప్ ఫ్యాక్టరీ అనేదే లేదు.

అయితే చిప్పు ఎక్కడ ప్రమాదం అంటే, అది లాక్కోవడానికి కాదు, గడియారం లెక్క పని చెయ్యడం దగ్గర. 2022 అక్టోబర్ 7న అమెరికా, ఒక్క హువావే అని కాకుండా మొత్తం చైనాకే పెద్ద ఏఐ చిప్పులూ వాటిని చేసే మిషన్లూ అమ్మకూడదని రూలు తెచ్చింది, మరుసటి ఏడు జపాన్, నెదర్లాండ్స్ కూడా తోడయినాయి. చైనా ఏటా 30 వేల కోట్ల డాలర్ల పైన చిప్పులు దిగుమతి చేసుకుంటుంది, ముడి చమురుకు పెట్టే ఖర్చు కంటే దీనికే ఎక్కువైన సంవత్సరాలు చాలా ఉన్నాయి. అంటే 1941 చమురు కథ మళ్ళీనా? నేను చాలా రోజులు అట్లే అనుకున్నా, ఇప్పుడు అనుకోను, పూర్తిగా అయితే కాదు. చమురు అయితే కాలిపోతుంది, ట్యాంకు ఖాళీ అవుతుంది. కొన్న చిప్పు కాలిపోదు. మిషన్లు ఆపేస్తే చైనాలో ఉన్న ఫ్యాక్టరీలు ఆగిపోవు, ఇంకా మొండిగా పని చేస్తాయి, 2023 ఆగస్టులో హువావే మేట్ 60 ప్రో ఫోన్‌లో చైనా కంపెనీ ఎస్ఎంఐసీ చేసిన 7 నానోమీటర్ చిప్పు (ఈ అంకె ఎంత చిన్నదైతే చిప్పు అంత కొత్త రకం) బయటపడినప్పుడు అందరూ నోరెళ్ళబెట్టింది అందుకే. పైగా చైనా చేతిలో తిరుగు దెబ్బ ఉంది, 1941 జపాన్‌కి అది లేదు. 2023 ఆగస్టులో చిప్పుల్లో వాడే గాలియం, జెర్మేనియం ఎగుమతికి లైసెన్సులు పెట్టింది, 2025 ఏప్రిల్‌లో రేర్ ఎర్త్‌లు అనే లోహాల మీద.

2025 చివర్లో జరిగిన నెక్స్‌పీరియా గొడవ అయితే నాకు మా ఇంటి గొడవ లెక్క అనిపించింది. అది నెదర్లాండ్స్ కంపెనీ, ఓనరు మాత్రం చైనా వాడు, చేసేది మా టేబుల్ మీద పడుండే డయోడ్లు, ట్రాన్సిస్టర్లు, ఏఐ లేదు ఏం లేదు, రూపాయి లెక్కలో వచ్చే సరుకు. డచ్ ప్రభుత్వం కంపెనీ మీద కంట్రోల్ తీసుకుంది, దానికి చైనా వాళ్ళ దగ్గరున్న, చిప్పుకి కాళ్ళు, తొడుగు బిగించే ప్యాకింగ్ ఫ్యాక్టరీ నుంచి ఎగుమతి ఆపేసింది, కొన్ని వారాలకే కార్ల కంపెనీలు లబోదిబోమన్నాయి, మెక్సికోలో హోండా ప్లాంటు ఆగింది, నవంబర్‌లో డచ్ వాళ్ళు వెనక్కి తగ్గినారు. అందరూ పెద్ద చిప్పు గురించే మాట్లాడతారు, మామూలు మనిషి మీటరు, మోటరు, కెమెరా, ఫ్యాను నడిచేది ఈ చిల్లర సరుకు మీదే, ఆ చిల్లర సరుకు ఫ్యాక్టరీలు ఇప్పుడు చైనా వరసగా కడుతోంది. ఆంక్షలు పెట్టేవాళ్ళు పైఅంతస్తుకి తాళం వేసి కింద తలుపు తీసిపెట్టినట్టే ఉంది చూస్తే.

చైనా బలహీనంగా ఉందా మరి? ఉంది, లేదు, రెండూ. ఎవర్‌గ్రాండ్ అనే పెద్ద రియల్ ఎస్టేట్ కంపెనీ 2021లో బాకీలు ఎగ్గొట్టింది, 2024 జనవరిలో హాంకాంగ్ కోర్టు దాన్ని మూసి అమ్మెయ్యమంది, జనం ఒక జీవితకాలం దాచుకున్న డబ్బు కట్టి పూర్తికాని ఫ్లాట్లలో ఇరుక్కున్నారు. 2023 జూన్‌లో పట్నాల్లో యువకుల నిరుద్యోగం 21.3 శాతం అని లెక్క చెప్పి, తర్వాత కొన్ని నెలలు ఆ లెక్క చెప్పడమే మానేసినారు. 2022 నుంచి జనాభా తగ్గుతోంది. ఇవన్నీ ఒక పక్క. ఇంకో పక్క 2024లో ఎగుమతుల మిగులు దాదాపు లక్ష కోట్ల డాలర్లు. అది చిప్ప పట్టుకున్న దేశం కాదు, కానీ చిప్ప వస్తుందేమో అని లెక్కలేసుకోవడం మొదలుపెట్టిన దేశమేమో. నా మామ చెయ్యి పైపు దగ్గర పెట్టినట్టు బీజింగ్‌లో కూడా ఎవరో ఏదో పైపు దగ్గర చెయ్యి పెట్టే ఉంటారు. వాళ్ళకి నీళ్ళు పెరుగుతున్నట్టు అనిపిస్తే వాళ్ళు ఆగుతారు, ఇంకో పదేళ్ళకు మనమే పెద్దోళ్ళం కదా తొందరేముంది అని. చిప్పుల్లో సొంతంగా గెలుస్తున్నాం అనే నమ్మకం ఉన్న చైనా నాకు తక్కువ భయం. మొత్తం తాళాలు వేసేసినారు, ఇంక పెరిగేది లేదు అనుకునే చైనాతోనే భయం. ఈ మాట అంటే మా ఫ్రెండ్స్ నన్ను చైనా ఏజెంట్ అంటారు, అననీ.

రెండో భయం కవచం గురించి. తైవాన్‌లో ఇన్ని చిప్పులు ఉన్నాయి కాబట్టి చైనా కొట్టదు, అమెరికా వదలదు, సిలికాన్ కవచం అంటారు దాన్ని. అది ఇప్పుడు రెండు పక్కలా అరుగుతోంది. పెద్ద చిప్పులు అమ్మకూడదు అన్నాక, తైవాన్‌లో ఆ చిప్పుల లైన్లు ఆగిపోతే చైనాకి జరిగే నష్టం అంతకంతకూ తగ్గుతోంది. అమెరికా ఏమో ఆరిజోనాలో టీఎస్ఎంసీ చేత ఫ్యాక్టరీలు కట్టిస్తోంది, 2020లో 1,200 కోట్ల డాలర్లు అని మొదలై 2025 మార్చికి 16,500 కోట్ల డాలర్లు అయింది, అవి పూర్తయ్యేకొద్దీ దీవి కోసం కొట్లాడాల్సిన అవసరం వాళ్ళకీ తగ్గుతుంది. ఎవరి చిప్పు వాళ్ళు చేసుకుంటే శాంతి అని చెప్తారు, నాకు ఉల్టా అనిపిస్తుంది, ఒకరి పీక ఒకరి చేతిలో ఉన్నన్నాళ్ళే ఇద్దరూ మెల్లగా మాట్లాడతారు. పీక పూర్తిగా వదలకముందు, పట్టు సడలుతున్న ఈ మధ్య కాలమే అన్నిటికంటే చెడ్డది.

కాదు, అవసరాలు ఉంటే యుద్ధం ఆగుతుంది అనేది కూడా పెద్దగా నమ్మడానికి లేదు, 2022లో చూసినాం. రష్యాకి చిప్పులు ఆపేసినారు, తైవాన్ ఆపేసింది, అదే ఏడు మేలో అమెరికా వాణిజ్య మంత్రి రష్యా ట్యాంకుల్లో డిష్‌వాషర్ల నుంచి, ఫ్రిజ్‌ల నుంచి పీకిన చిప్పులు దొరికినాయని చెప్పింది, నేను చదివి ఒక రకంగా గర్వపడినా, అది నేను రోజూ చేసే పనే. కానీ యుద్ధం ఆగిందా? చిప్పు ఆపితే యుద్ధం ఖరీదవుతుంది, అప్పటికే మొదలుపెట్టినోడు ఖరీదు చూసి ఇంటికి పోడు. అదే యుద్ధంలో ఉక్రెయిన్‌లో మరియుపోల్, ఒడెస్సాల నుంచి వచ్చే నియాన్ గ్యాస్ ఆగిపోయింది, చిప్పుల లేజర్లకి వాడే నియాన్‌లో సగం దాకా అక్కడ్నించే వచ్చేదని అప్పటిదాకా మాబోటోళ్ళకి ఎవరికి తెలుసు.

మన సంగతేంది అంటారా. మా ఊరి పక్కనే కొప్పర్తిలో సీసీ కెమెరాలు చేసే ఫ్యాక్టరీ ఉంది, మా వీధి ఆడపిల్లలు ఇద్దరు అక్కడికే పోతారు, నాకు సంతోషమే. దేశంలో ఎక్కడ బిగించిన కెమెరా అయినా లోపల ఆ గోరంత మెయిన్ ఐసీ దాదాపుగా బయట్నించి వచ్చిందే. మన ప్రభుత్వ చిప్ ఫ్యాక్టరీ మొహాలీలో ఉండేది, 1989లో కాలిపోయింది, తిరిగి లేచేసరికి ప్రపంచం చాలా దూరం పోయింది. ఇప్పుడు గుజరాత్‌లో ధొలేరాలో టాటా వాళ్ళు తైవాన్ చిప్ కంపెనీ పీఎస్ఎంసీతో కలిసి 91 వేల కోట్లతో కడుతున్నారు, 28 నానోమీటర్ అంటున్నారు, అది కరెక్టు లెక్కే, మనకు కావాల్సింది ఆ చిల్లర సరుకే ముందు. 2025 ఆగస్టులో ఆంధ్రకి కూడా ఒక ప్యాకేజింగ్ యూనిట్‌కి కేంద్రం ఒప్పుకుంది. వస్తే మంచిదే, కానీ మా జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీకి 2007 నుంచి ఎన్ని శంకుస్థాపనలు అయినాయో లెక్కపెట్టినోళ్ళం మేము, శిలాఫలకాలు కరిగించినా ఒక నెల ఉత్పత్తి వచ్చుండేది. ఫ్యాక్టరీలు వచ్చినా సరే తైవాన్‌లో తేడా వస్తే మొదట ఆగేది మన లైన్లే, ఎందుకంటే మనం కలిసి కడుతున్నది అక్కడోళ్ళతోనే. అప్పుడు నా హోల్‌సేల్ ఆయన వచ్చే వారం అని కూడా అనడు, ఫోనే ఎత్తడు.

మా వీధిలో ఒక పిల్లోడు ఐటీఐ చేసినాడు, నా దగ్గరే ఏడాది పని నేర్చుకున్నాడు, సోల్డరింగ్ చెయ్యి బాగుంది. 2024 ఫిబ్రవరిలో తైవాన్‌కి మనోళ్ళు పనికి పోవడానికి రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం అయింది కదా, వాడికి ఎవరో చెప్పినారు, ఫ్యాక్టరీలో ఉద్యోగం, కువైట్ కంటే మేలు, ఏసీలో పని అని. మొన్న రాత్రి టీవీలో ఆ వార్త నడుస్తున్నప్పుడు వాడు కూడా మా ఇంట్లోనే ఉన్నాడు, చిన్నాయనకి ఫోన్‌లో మ్యాప్ తీసి చూపించినాడు, ఇదిగో పెద్దాయనా తైవాన్ అని. ముసలాయన కళ్ళద్దాలు పైకి తోసుకోని ఫోన్ దగ్గరగా పట్టుకోని చుట్టూ నీలం రంగు చూసినాడు, వేలితో ఇటు జరిపినాడు అటు జరిపినాడు. తర్వాత వాడి మొహం చూసి "సుట్టూ నీళ్ళే ఉండాయి కదరా, ఏమన్నా అయితే బస్సు యాడ ఎక్కుతావు?" అన్నాడు.